ఎనిమిదికీ మూడుకీ మధ్య చుక్క

ఆయన్ని ప్రెస్సులో అందరూ కామాగారు అనేవారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రూఫులు దిద్దిన మనిషి. పాఠ్యపుస్తకాలు, రైల్వే టైంటేబుళ్ళు, మందుసీసాల మీద అతికించే లేబుళ్ళు, ఏది అచ్చుకు వెళ్ళాలన్నా ముందు ఆయన కళ్ళజోడు కింద నుంచి వెళ్ళాల్సిందే. ఒకసారి దగ్గుమందు లేబుల్ మీద 2 చెంచాలు అని ఉండాల్సిన చోట 22 అని పడితే పట్టుకున్నది ఆయనే. ఆ సంగతి ఆయన తనంతట తాను ఎవరికీ చెప్పుకునేవారు కాదు. ఎవరైనా చెబుతుంటే మాత్రం ఆపేవారు కాదు.

ఆయన భార్య స్కూలు బస్సు నడిపేది. పిల్లలు పెట్టిన పేరు బస్సమ్మ. నలభై మంది పిల్లలు వెనక గోల చేస్తున్నా అద్దంలోంచి ఒక్క చూపు చూసి నోళ్ళు మూయించగలదు. ఇద్దరూ ఒకే సంవత్సరం రిటైరయ్యారు. రిటైరైన నెలకే ఆవిడ ఒక పాత ఇంటిబండి కొనేసింది. చూడ్డానికి చిన్న బస్సులా ఉంటుంది. లోపల రెండు పడకలు, ఒక వంటగట్టు, నిలబడి స్నానం చేసేందుకు బీరువా అంత గది, సీటు కింద రెండు పెద్ద బ్యాటరీలు. ఫ్యాను తిరగాలన్నా, పంపు నీళ్ళు తోడాలన్నా ఆ బ్యాటరీలే దిక్కు. బండి నడుస్తున్నంతసేపూ ఇంజనే వాటిని నింపుతుంది. ఒకచోట ఆగి కూర్చుంటేనే చిక్కు.

"బండి నాది, కరెంటు మీది," అని బస్సమ్మ మొదటిరోజే పనులు పంచేసింది. కామాగారికి డ్రైవింగ్ రాదు. ఏదో ఒకటి తన వంతుకు వచ్చిందన్న సంతోషంలో ఆయన సరేనన్నారు. కరెంటు గురించి ఆయనకు తెలిసిందల్లా స్విచ్చి ఎటు నొక్కాలన్నది.

మొదటి ప్రయాణం ఒక చెరువు గట్టుకి. రెండోరోజు సాయంత్రం ఆవిడ తలకు సబ్బు రుద్దుకుంటుండగా పంపు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఆ సమయంలో కామాగారు మూడు లైట్లు వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, హాయిగా పేపరు చదువుకుంటున్నారు. లైట్లు కూడా పసుపుపచ్చగా మారి ఆరిపోయాయి.

"ఏమండీ! నీళ్ళు!"

ఆయన లేచి ఉన్న స్విచ్చులన్నీ నొక్కారు. ఏదీ పలకలేదు. చివరికి తాగేనీళ్ళ సీసాలు ఒక్కొక్కటీ తలుపు సందులోంచి అందించారు. ఆవిడ తువ్వాలు చుట్టుకుని, చెవుల వెనక ఇంకా నురగతో బయటికి వచ్చి, ఎంతో నెమ్మదిగా అంది.

"ఇంటికెళ్ళగానే ఒక జనరేటరు కొనండి. బుజ్జి దగ్గరికి ఇలా వెళ్ళలేం."

బుజ్జి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఎక్కడో ఎత్తైన కొండ మీద, వలసపక్షుల్ని లెక్కపెట్టే కేంద్రంలో పనిచేస్తోంది. పక్షులు వచ్చే నెలలో అది కొండ దిగదు. అందుకే ఈసారి ఆ నెలంతా బండి వేసుకుని వీళ్ళే దాని దగ్గర ఉండాలని అనుకున్నారు. బయలుదేరడానికి ఇంకా మూడు వారాలుంది. ఒక జనరేటరు కొనడానికి మూడు వారాలెందుకు, మూడు రోజులు చాలనుకున్నారు కామాగారు.

దుకాణంలోకి అడుగుపెట్టగానే ఆ ధీమా కాస్తా గుమ్మం దగ్గరే జారిపోయింది. ఎర్రవి, పచ్చవి, నల్లవి, సూట్‌కేసు లాంటివి, మంచం కోళ్ళ లాంటి గొట్టాల మధ్య బిగించినవి, ఒక గోడ నిండా జనరేటర్లే. సేల్స్‌మన్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"ఎన్ని కేవీఏ కావాలి సార్?"

కామాగారు తెల్లమొహం వేశారు. "కేవీఏ అంటే కిలోవాటేనా?"

"దాదాపు అంతే సార్."

"దాదాపు అంటే?"

"అంటే... అంతే, కానీ అంత ఉండదు."

ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఆ మాట యథాతథంగా రాసుకున్నారు. తరువాత ఒక పెట్టె ముందు వంగారు. పెద్ద అక్షరాలతో 5500 అని ఉంది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. నక్షత్రాల్ని వదిలిపెట్టడం ఆయన ఒంట్లో లేదు. పెట్టె చుట్టూ తిరిగి, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో అదే గుర్తు పట్టుకున్నారు. అక్కడ 5000 అని ఉంది.

"ఇందులో ఏది నిజం?"

"రెండూ నిజమే సార్. పెద్దది ఒక్క క్షణానికి. చిన్నది ఎప్పటికీ."

అదీ రాసుకున్నారు. ఇన్వర్టరు రకమా, మామూలు రకమా అని అడిగాడు సేల్స్‌మన్. ఇన్వర్టరంటే ఇంట్లో కరెంటు పోయినప్పుడు పనిచేసేది కదా, అది జనరేటరులో ఎందుకుంటుంది అని ఈయన అడిగారు. అది వేరు, ఇది వేరు అన్నాడతను. మరి పేరు ఒకటే ఎందుకు పెట్టారన్నారు ఈయన. అతను ఫోనేదో వచ్చినట్టు పక్కకు వెళ్ళిపోయాడు. ఆ వారంలో కామాగారు ఆ దుకాణానికి నాలుగుసార్లు వెళ్ళారు. నాలుగోసారికి నోటుపుస్తకం సగం నిండింది, బుర్ర మాత్రం మొదటిరోజు కంటే ఖాళీ అయింది. ఈయన గుమ్మంలో కనబడగానే సేల్స్‌మన్ మెట్లెక్కి గోడౌనులోకి పోవడం కూడా మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు దిగాడు బావమరిది. బస్సమ్మ తమ్ముడు, లిఫ్టులు బాగుచేస్తాడు. లోకంలో అతనికి తెలియని మిషను లేదు, తెలియదు అన్న మాట అతని నోట ఎవరూ విన్నది లేదు.

"దీనికింత ఆలోచనేంటి బావా! పెద్దది కొనెయ్. బకెట్టు చెంబుతో పోస్తే త్వరగా నిండుతుందా, గరిటెతో పోస్తేనా?"

"చెంబుతోనే."

"మరింకేం!"

వారంగా వింటున్న మాటల్లో కామాగారికి పూర్తిగా అర్థమైన మొదటి వాక్యం అదే. ఆ కృతజ్ఞతతోనే ఆయన 5500 పెట్టె కొనేశారు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి వాకిట్లో దింపారు. బస్సమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇంత పెద్దదా! ఇది ఎక్కడ పెట్టాలి? నా పడక మీదా?"

"పెద్దదైతే త్వరగా నింపుతుంది," అన్నారు కామాగారు, చెంబు సంగతి మనసులో పెట్టుకుని. ఆవిడ తలూపి లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకు అంతా తెలిసిపోయినట్టుందని అనుకుందో ఏమో.

ఆ సాయంత్రం బల్ల మీద టీ కప్పు, పెన్సిలు పెట్టుకుని ఆయన దాని పుస్తకం చదవడానికి కూర్చున్నారు. ఎన్నాళ్ళకో తన రాజ్యంలోకి తిరిగి వచ్చినట్టుంది. మూడో పేజీలోనే 'ఇంధనం' బదులు 'ఇందనం'. పద్నాలుగో పేజీ రెండుసార్లు పడింది. 'చల్లారిన తరువాత' అనాల్సిన చోట 'చల్లారని తరువాత'. ఎవడు దిద్దాడో ఈ ప్రూఫులు, అని ఆయన నాలుక చప్పరిస్తూ ఒక్కొక్కటీ సరిచేస్తూ పోయారు. అలా పోతూ ఇరవయ్యో పేజీలో ఒక పట్టిక దగ్గర ఆగారు. బ్యాటరీ సాకెట్: 12 వోల్టులు, 8.3 ఆంపియర్లు.

ఎనిమిది పాయింట్ మూడా? ఇద్దరు మోసిన మిషను, ఐదు వేల వాట్ల మిషను, ఇచ్చేది ముష్టి ఎనిమిది ఆంపియర్లా? బావమరిదికి ఫోన్ చేసి అడిగారు.

"ఎనిమిదేంటి బావా! చీమ తుమ్మితే వచ్చే కరెంటు అది. ఎనభై మూడై ఉంటుంది."

అంతే, కామాగారికి దారి కనబడింది. ఇన్ని తప్పులున్న పుస్తకంలో చుక్క ఒకటి అదనంగా పడటం వింతేం కాదు. ఎనిమిదికీ మూడుకీ మధ్య చుక్కను కొట్టేసి, అంచున తీసేయమన్న గుర్తు వేశారు. ఎనభై మూడు ఆంపియర్ల లెక్కన ఎంత ఖాళీ బ్యాటరీలైనా రెండు గంటల్లో నిండుతాయి. ఆ రాత్రి ఆయనకు చాలా రోజుల తరువాత మంచి నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్న ఇంటిముందు వీధిలో బండి పక్కన జనరేటరు నిలబెట్టి, సాకెట్ నుంచి బ్యాటరీలకు క్లిప్పులు తగిలించి, బావమరిది తాడు లాగాడు. వీధి వీధంతా ఉలిక్కిపడింది. ఎదురింట్లో కిటికీ అద్దాలు గజగజలాడాయి. పక్కింటాయన సగం గడ్డం గీసుకున్న మొహంతో పరుగెత్తుకొచ్చి నోరు ఆడించాడు గానీ, ఏమంటున్నాడో ఒక్క ముక్క వినబడలేదు. కామాగారు ఆయనకు చేతులు జోడించి, రెండు వేళ్ళు చూపించారు, రెండు గంటలే అని. బండిలోని మీటరు నలభై శాతం చూపిస్తోంది.

రెండు గంటలు గడిచాయి. మీటరు నలభై ఏడు. నాలుగు గంటలు గడిచాయి. ట్యాంకులో పెట్రోలు అయిపోయి జనరేటరు దానంతట అది ఆగింది. మీటరు యాభై నాలుగు.

కామాగారు మీటరు అద్దం తుడిచి మళ్ళీ చూశారు. యాభై నాలుగే.

"వైరు సన్నం బావా," అన్నాడు బావమరిది, తన చెవుల్లోంచి దూది తీసుకుంటూ. మర్నాడు బొటనవేలంత లావు వైరు తెచ్చాడు. రెండు గంటలకు మళ్ళీ అదే ఏడు శాతం. ఆ మర్నాడు వైరు పక్కన పెట్టి, బండికి ఇంటి కరెంటు ఇచ్చే పెద్ద కేబులు ఉంటుందే, దాన్ని తీసుకెళ్ళి జనరేటరుకు గుచ్చారు. రెండు గంటలకు ఎనిమిది శాతం. పెద్ద చెంబుతో పోస్తుంటే బకెట్టు ఎందుకు నిండటం లేదు? బకెట్టుకు చిల్లుందా? చెంబుకుందా? బావమరిది ఆరోజు లిఫ్టు పని తగిలిందని చెప్పి మధ్యాహ్నమే జారుకున్నాడు.

"అయిందా?" అని లోపల నుంచి బస్సమ్మ అడిగింది.

"అవుతోంది," అన్నారు కామాగారు.

అది అబద్ధం. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ తప్పులన్నీ పట్టుకున్న మనిషి, ఇప్పుడు ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోలేక వాకిట్లో పీట మీద కూర్చున్నారు. అప్పుడే కూతురి ఫోను.

"నాన్నా, ఆ చప్పుడేంటి? రోడ్డు తవ్వుతున్నారా?"

"జనరేటరమ్మా. అక్కడికి తీసుకొస్తున్నాం కదా."

"నాన్నా, మేం ఇక్కడ పక్షుల్ని కళ్ళతోనే కాదు, కూతలు విని కూడా లెక్కపెడతాం. అది ఒక్కసారి మోగిందంటే కొండ మీద ఒక్క పిట్ట మిగలదు. పదకొండు నుంచి రెండు దాకా మాకు విరామం. అప్పుడు ఏదైనా చిన్నది, మెత్తగా మోగేది పెట్టుకోవచ్చు. పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకుంటే వినబడాలి. దాన్ని మాత్రం తేవద్దు నాన్నా, నీకు దణ్ణం పెడతా."

"చిన్నదా! పెద్దదే నింపలేకపోతుంటే చిన్నదేం నింపుతుందే తల్లీ?"

ఆ అమ్మాయికి పక్షులు తెలుసు గానీ ఇది తెలియదు. "ఎవరినైనా అడుగు నాన్నా," అంది.

అడగని వాళ్ళెవరున్నారని? మర్నాడు పొద్దున్నే ఆ పుస్తకం చంకలో పెట్టుకుని, ఎక్కడికి వెళుతున్నారో తనకే తెలియనట్టు వీధులు పట్టుకుని నడిచారు. నాలుగు మలుపుల అవతల గడ్డికోత మిషన్లూ నీళ్ళ పంపులూ బాగుచేసే షెడ్డు ఒకటుంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ స్పానరమ్మ అంటారు. యాభై ఏళ్ళు దాటినావిడ, మోచేతుల దాకా గ్రీజు, చెవి మీద అగరుపుల్లలా చిన్న స్క్రూడ్రైవరు. ఒక పళ్ళెంలో పెట్రోలు పోసి ఏవో చిన్న ఇత్తడి ముక్కలు కడుగుతోంది.

కామాగారు తనకు చేతనైన పద్ధతిలోనే మొదలుపెట్టారు. "అమ్మా, ఈ పుస్తకంలో ఒక అచ్చుతప్పుంది. ఇంకా వేరేచోట కూడా ఉందేమోనని అనుమానం. కొండ మీదికి వెళ్ళే మా ఇంటిబండి బ్యాటరీలు దీంతో నిండటం లేదు. కాస్త చూస్తారా?"

ఆవిడ గుడ్డతో చేతులు తుడుచుకుని ఇరవయ్యో పేజీ చూసింది. వేలితో కాదు, మోచేత్తో చూపించింది, కాగితానికి గ్రీజు అంటకుండా.

"ఈ పెన్సిలు గీత ఎవరిది?"

"నాదే."

"ఈ చుక్క అచ్చుతప్పు కాదండీ. ఎనిమిది పాయింట్ మూడే. ఏ జనరేటరు తీసుకున్నా ఆ సాకెట్‌లో వచ్చేది ఇంచుమించు అంతే. కారు బ్యాటరీ చచ్చిపోతే దానికి కాస్త ఊపిరి పోయడానికి పెడతారు. మీ బండి బ్యాటరీలు దాంతో నింపాలంటే రోజంతా పడుతుంది."

కామాగారి చెవులు వేడెక్కాయి. ఉన్న చుక్కను తీసేశారు తను. సరైనదాన్ని తప్పని కొట్టేశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని చుక్కలు ఇలా కొట్టేశానో అన్న ఆలోచన ఒకటి వచ్చి, ఆయన అక్కడున్న బోర్లించిన డబ్బా మీద కూర్చుండిపోయారు.

స్పానరమ్మ ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. "ఇంకేం అర్థం కాలేదో చెప్పండి."

"ఏమీ అర్థం కాలేదమ్మా," అన్నారు కామాగారు. "మొదటి నుంచీ, ఏమీ."

ఆ మాట బయటపడగానే ఛాతీ మీద నుంచి ఎవరో లేచి వెళ్ళినట్టయింది. ఆవిడ నవ్వలేదు.

"మీ బ్యాటరీలెంత, రోజుకెంత వాడతారు, వాటిని నింపే చార్జరు ఏది, ఇవెవరైనా అడిగారా మిమ్మల్ని?"

ఆయన నోటుపుస్తకం తిరగేశారు. అరవై పేజీల్లో ఆ ప్రశ్నలు లేవు.

"చార్జరు అనేది ఒకటుందా?"

"బండి తీసుకురండి," అంది స్పానరమ్మ, మళ్ళీ పళ్ళెం వైపు తిరుగుతూ.

అక్కడే వచ్చింది చిక్కు. బండి తేవాలంటే నడిపేది బస్సమ్మ. ఆవిడ రావాలంటే ఎందుకో చెప్పాలి. ఇల్లు చేరేదాకా కామాగారు వాక్యాలు కూర్చుకుంటూ, కొట్టేసుకుంటూ నడిచారు. వంటింటి గుమ్మంలో నిలబడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"ఇదిగో, నీతో ఒక మాట. ఆ జనరేటరు... నింపడం లేదు. మూడు రోజులుగా అవుతోంది అవుతోంది అన్నాను గానీ, ఎందుకవడం లేదో నాకు తెలియదు. అసలది ఎందుకు కొన్నానో కూడా తెలియదు."

ఆవిడ పొయ్యి ఆపింది. ఆయన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. మేకుకు తగిలించిన తాళాలు అందుకుని, "పదండి," అంది. తిట్టకపోవడానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది.

షెడ్డు ముందు బండి ఆపగానే స్పానరమ్మ లోపలికెక్కి, సీటు పరుపు ఎత్తి, బ్యాటరీల వెనక చెయ్యి పెట్టి తడిమింది. వేలెడు దుమ్ము కింద ఒక చిన్న ఇనప డబ్బా. ఇద్దరూ వంగి చూశారు. లేబుల్ చదవడం మాత్రం కామాగారి వంతు. 10 ఆంపియర్లు. ఈసారి ఆయన ఆ అంకె జోలికి పోలేదు.

"ఇదే మీ చార్జరు," అంది స్పానరమ్మ. "జనరేటరు కరెంటయినా, ఇంటి కరెంటయినా బ్యాటరీలోకి వెళ్ళాలంటే దీని గుండానే వెళ్ళాలి. మీరు అవతల ఎంత పెద్ద మిషను పెట్టినా ఇది గంటకింతే మింగుతుంది."

"మా బావమరిది పెద్ద చెంబుతో పోస్తే బకెట్టు త్వరగా నిండుతుందన్నాడు."

"చెంబు పెద్దదే. మీ బకెట్టుకు మూతుంది. మూతకి వేలు పట్టేంత కన్నం. మీరు దాని మీద బిందెలు కుమ్మరిస్తున్నారు."

కామాగారు ఆ డబ్బా వంక చూస్తూ ఉండిపోయారు. దుకాణంలో నాలుగు రోజులు, వీధిలో మూడు రోజులు, మూడు రకాల వైర్లు. అసలు సంగతి తాము కూర్చునే సీటు కిందే ఉంది.

"ఈ డబ్బా తీసేసి నలభై ఆంపియర్లది పెడతాను," స్పానరమ్మ చెప్పుకుపోయింది. "దానికి కావాల్సింది ఏడెనిమిది వందల వాట్లు. మీరు వెళ్ళేది ఎత్తు మీదికి కదా? అక్కడ గాలి పల్చన, ఇంజను బలం ఐదోవంతు దాకా తగ్గుతుంది. కాబట్టి పెట్టె మీద రెండు వేలని, కింద సన్నగా పదహారు వందలని రాసి ఉన్న చిన్న ఇన్వర్టరు రకం జనరేటరు సరిపోతుంది. అది లోడును బట్టి ఇంజను వేగం తగ్గించుకుంటుంది, అందుకే అరవదు. రోజుకు రెండు గంటలు నడపండి. కిటికీలకు దూరంగా, ఆరుబయట. దాని పొగ ప్రాణం తీస్తుంది, వాన వచ్చినా సరే లోపల పెట్టొద్దు."

"ఇంకొక్కసారి చెబుతావా అమ్మా," అంది బస్సమ్మ. "పదహారు వందలు, రెండు వేలు, అక్కడ తప్పిపోయాను."

కామాగారు తల తిప్పి భార్యను చూశారు. ఆవిడ నుదురు ముడిపడి ఉంది. తప్పిపోవడమా? బస్సమ్మా?

తిరుగు దారిలో ఆవిడ కాసేపు స్టీరింగు మీద వేళ్ళు తట్టుకుంటూ నడిపింది. సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడు, ముందున్న లారీ వంక చూస్తూ అంది.

"ఈ బండి అమ్మినాయన గంటసేపు నాకు ఈ బ్యాటరీల సంగతంతా చెప్పాడు. నేను తలూపాను. ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. మళ్ళీ అడిగితే, ఆడది పెద్ద బండి నడుపుతుందట, ఇది తెలియదట అనుకుంటాడని ఊరుకున్నాను. అందుకే కరెంటు మీది అన్నాను."

"అంటే... నీకు తెలియకే నాకు అప్పగించావా?"

"మీరైతే చదివి తెలుసుకుంటారనుకున్నా."

కామాగారికి నిజంగానే కోపం వచ్చింది. రెండు వారాలుగా తను లోలోపల పడిన యాతనంతా గొంతు దాకా వచ్చింది. "ఆ మాట చెరువు దగ్గరే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం కదే! నేనొక్కణ్ణే ఆ గోడ ముందు నిలబడి... వాడు నన్ను చూస్తే మేడెక్కి దాక్కుంటున్నాడు తెలుసా?"

"ఎవరు?"

"సేల్స్‌మన్!"

ఆవిడ పెదవులు బిగబట్టింది. భుజాలు కదిలాయి. మరుక్షణం పగలబడి నవ్వింది. పచ్చలైటు వెలిగింది, వెనక హారన్లు మొదలయ్యాయి, ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే గేరు మార్చింది. కామాగారు కిటికీ వైపు మొహం తిప్పుకుని రెండు వీధుల దాకా బింకంగా కూర్చున్నారు. మూడో వీధిలో ఆయనకీ ఆగలేదు.

పెద్ద జనరేటరును బావమరిది సంతోషంగా తీసుకుపోయాడు. ఒక కొత్త భవనంలో కరెంటు రాకముందే లిఫ్టు పని చెయ్యాలట, దానికి ఇదే సరైనదట. "నేను ముందే చెప్పాను కదా బావా, ఇది మంచి మిషనని," అన్నాడు ఎక్కిస్తూ. కామాగారు రెండో చివర పట్టుకుని ఎత్తారు.

ఈసారి దుకాణానికి ఇద్దరూ వెళ్ళారు. సేల్స్‌మన్ మెట్ల వైపు అడుగు వేయబోతుంటే బస్సమ్మ అద్దంలో చూసే చూపు ఒకటి చూసింది, ఆగిపోయాడు. పదహారు వందల రకాలు మూడున్నాయి. చూడ్డానికి మూడూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఏది తీసుకోవాలో మళ్ళీ తెలియలేదు. కామాగారు మూడు పుస్తకాలూ అడిగి తీసుకుని కౌంటరు పక్కనే నిలబడి చదివారు. ఈసారి చేతిలో పెన్సిలు లేదు. ఆవిడ మూడింటినీ ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. తరువాత బయట నడిపించి చూపమని, పక్కన నిలబడి భర్తతో మాట్లాడి చూసింది.

"నేనేమంటున్నానో వినబడుతోందా?"

"ఏమన్నావు?"

"అయితే ఇది కాదు."

రెండోదాని దగ్గర మాట వినబడింది. అదే తీసుకున్నారు. మంచిదేనా, ఇంకా మంచిది ఉందా అన్నది ఆయనకు తేలలేదు. తేలకుండానే ఇంటికి వచ్చేశారు.

కొండ మీదికి చేరిన మర్నాడు పదకొండున్నరకు మొదటిసారి తాడు లాగారు. అది అందుకుంది. కేబులు గుచ్చగానే గొంతులో ఏదో అడ్డుపడినట్టు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ లాగారు, మళ్ళీ దగ్గి ఆగింది. బస్సమ్మ మెట్ల మీద నిలబడి చూస్తోంది. మళ్ళీ మొదటికొచ్చామా అనుకున్నారు కామాగారు. పుస్తకం తెచ్చి, అక్కడే గడ్డిలో కూర్చుని, పేజీ పేజీ చదివారు. పెట్రోలు పొదుపు స్విచ్చి వేసి ఉన్నప్పుడు ఒక్కసారిగా బరువు పడితే ఇంజను తట్టుకోలేకపోవచ్చని పదకొండో పేజీలో ఉంది. ఆ స్విచ్చి కట్టేసి, మూడోసారి లాగి, ఇంజను స్థిరపడేదాకా ఆగి, అప్పుడు కేబులు గుచ్చారు. జనరేటరు గొంతు కాస్త బరువెక్కింది, అంతే. కుట్టుమిషను పక్కగదిలో నడుస్తున్నట్టుంది. బండిలో మీటరు యాభై రెండు నుంచి గంటకల్లా డెబ్భై అయింది.

"అయిందా?" అంది బస్సమ్మ.

"అవుతోంది," అన్నారాయన. ఆవిడ వచ్చి మీటరు చూసుకుని వెళ్ళింది. నమ్మక కాదు, తనకూ చదవడం వచ్చని.

మూడు గంటలకు కూతురు వచ్చి తండ్రిని కొండ అంచుకు తీసుకెళ్ళింది. రాతి మీద పడుకుని, దుర్భిణి ఆయన చేతికిచ్చి, ఆకాశంలో వేలు చూపించింది.

"అదిగో నాన్నా, ఆ గుంపులో ముందున్నవి మూడు ఒక జాతి, వెనకవి వేరే జాతి. రెక్క చివర చూడు, తేడా తెలుస్తుంది."

కామాగారు దుర్భిణి తిప్పారు. మేఘం కనబడింది. తన కనురెప్ప కనబడింది. ఆపైన కొన్ని నల్ల మచ్చలు కదులుతూ కనబడ్డాయి. ఏవి ముందున్నవో, ఏవి వెనకవో ఆయనకు తెలియలేదు.

"నాకు అన్నీ ఒకటిగానే ఉన్నాయే తల్లీ. మళ్ళీ చెప్పు."

బుజ్జి దగ్గరికి జరిగి, ఆయన మోచేతి కింద తన చెయ్యి ఆనించి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.